మూడోసారి అడిగేదాకా

2019 జనవరి 9, బుధవారం, సాయంత్రం 5 గంటల 4 నిమిషాలు. వాతావరణ కేంద్రం వెనకనున్న షెడ్డులోంచి ఆర్డిస్ హౌగ్‌లాండ్ బెలూన్ తీసుకుని బయటికి వచ్చింది. హైడ్రోజన్ నింపిన ఆ బెలూన్ ఆమెకన్నా పొడుగు. దాని మెడను ఎడమచేత్తో బిగించి పట్టుకుని, గాలికి వీపు తిప్పి నిలబడి, కింద వేలాడే పరికరాన్ని కుడిచేత్తో ఎత్తి పట్టుకుంది. ముందు బెలూన్‌ను వదిలింది. తాడు బిగిసేదాకా ఆగి, అప్పుడు పరికరాన్ని వదిలింది. అది నేలకూ కంచెకూ తగలకుండా లేచి, చీకటిపడుతున్న ఆకాశంలో ఆగ్నేయంగా కొట్టుకుపోయింది. ఉష్ణోగ్రత సున్నాకు నాలుగు డిగ్రీలు తక్కువ. మా దగ్గర లెక్కంతా ఫారన్‌హీట్‌లోనే.

అప్పటికి ప్రభుత్వం మూతపడి మూడో వారం నడుస్తోంది. రాజధానిలో నాయకులకు బడ్జెట్ మీద కుదరక, క్రిస్మస్‌కు ముందే నిధులు ఆగిపోయాయి. కొన్ని శాఖలవాళ్ళను ఇంట్లో కూర్చోమన్నారు. మా కేంద్రంలో పనిచేసేవాళ్ళ పేర్ల పక్కన మాత్రం 'తప్పనిసరి' అని రాశారు. తప్పనిసరి ఉద్యోగి పనికి రావాలి, సెలవు పెట్టకూడదు, జీతం ప్రభుత్వం తెరిచాక తీసుకోవాలి. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు రాష్ట్రం నుంచి నిరుద్యోగ భృతి దొరుకుతుంది. మాకు ఆ వీలు లేదు, ఎందుకంటే మేము నిరుద్యోగులం కాము.

ఆర్డిస్ లోపలికి వచ్చి చేతితొడుగులు విదిలించింది. పైనుంచి పరికరం పంపే చలి, తేమ, ఒత్తిడి అంకెలు తెర మీద వస్తున్నాయి. ఆమె నా కుర్చీ వెనక నిలబడి, పరికరం పలుకుతోందో లేదో చూసుకుంది.

"తప్పనిసరి అన్నప్పుడే అనుకున్నా. జీతం తప్పింది, సెలవు తప్పింది, పంటి డాక్టరు తప్పాడు. ఒక్క చాకిరీ తప్పట్లేదు."

"పంటికేమైంది?"

"తొడుగు వేయించుకోవాలి. ఎడమవైపు నమలడం మానేశా. కుడివైపు తప్పనిసరి."

ఆమె అంతకుమించి ఇబ్బంది గురించి మాట్లాడదు. ఆ సాయంత్రం ఇంకొక్క మాట అంది, అదీ కోటు వేసుకుంటూ, నావైపు చూడకుండా. "ట్యాంకు ముప్పైకి వచ్చింది."

మా ప్రాంతంలో ఊరి బయట ఇళ్ళకు గ్యాసు గొట్టాలు లేవు. ప్రతి ఇంటి వెనకా కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి ఇనుప ట్యాంకు ఉంటుంది. అందులోని ప్రొపేన్‌తోనే నేలమాళిగలోని ఫర్నేస్ మండి ఇల్లంతా వెచ్చగా ఉంటుంది. ట్యాంకు నడినెత్తిన మూత కింద గడియారంలో లాంటి ముల్లు, ఎంత శాతం నిండి ఉందో చూపుతుంది. ఆర్డిస్ ఏటా సెప్టెంబరులో ఒకసారి, జనవరి నడుమ ఒకసారి నింపిస్తుంది. జనవరి నింపుడుకు డబ్బు జనవరి జీతంలోంచి తీస్తుంది. ఆ జనవరిలో జీతం లేదు. ముప్పై శాతంతో జీతం వచ్చేదాకా ఇల్లు నెట్టుకురావాలి. ఫర్నేస్ ఆగితే నీటిగొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. గొట్టాలు పగిలిన ఇంట్లో వసంతం దాకా ఎవరూ కాపురముండలేరు.

ఆమెకు అప్పుడు యాభై రెండేళ్ళు నిండబోతున్నాయి. మిన్నెసోటాకు ఉత్తరపు కొసన, బంగాళాదుంపలు పండించే ఇంట్లో పుట్టింది. ఇరవై నాలుగో ఏట ఈ కేంద్రంలో పరిశీలకురాలిగా చేరింది. చేరిన కొత్తలో పై అధికారి ఒకాయన బెలూన్ మెడకు తూకపు రాయి వేలాడదీసి, అది లేస్తే చాలినంత నిండినట్టని నేర్పాడట. ఆమె ఇప్పటికీ రాయి వాడుతుంది. కానీ గ్యాసు చప్పుడు ఎక్కడ సన్నబడుతుందో ముందే విని, రాయి లేచేలోగా కవాటం మీద చెయ్యి వేసి ఉంచుతుంది. బెలూన్ మెడకు కట్టే ముడి కూడా తనదే. తండ్రి దుంపల గోనెసంచులకు కట్టిన ముడి అది.

ప్రభుత్వ ఉద్యోగానికి మా ప్రాంతంలో విలువ జీతం పెద్దదని కాదు, తేదీ తప్పదని. కాగితం మిల్లు మూతపడవచ్చు, పొలం వానకు కుళ్ళవచ్చు. రెండు వారాలకొక శుక్రవారం ఆ జీతం మాత్రం బ్యాంకులో పడుతుంది. ఆర్డిస్ పెళ్ళినాడు వాళ్ళ నాన్న విందులో లేచి ఒకే వాక్యం మాట్లాడాడని లైల్ ఇప్పటికీ చెబుతాడు: "అబ్బాయి సంగతి నాకు తెలీదు గానీ, అమ్మాయికి శుక్రవారం ఉంది." లైల్ ఆమె భర్త. మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక బడి బస్సు నడుపుతున్నాడు. ఇంటి అప్పు, బీమా, కరెంటు, ఆమె చేతిమీదుగా సాగే అన్ని చెల్లింపులూ ఆ శుక్రవారాలకే ముడిపడి ఉన్నాయి. బస్సు డబ్బుతో సరుకులూ కారు పెట్రోలూ గడుస్తాయి. పెట్రోలు అంటే జీతం రాని పనికి వెళ్ళడానికయ్యే పెట్రోలు. కేంద్రానికి ముప్పై ఒక్క మైళ్ళు. ఆ నెలలో ఆర్డిస్, నేను ఒకే కారులో వెళ్ళివచ్చాం. నా ఇల్లు ఆమె రోడ్డు మీదే, ఇంకొంచెం ముందు.

ఇక్కడొక పద్ధతి గురించి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి.

"కాఫీ తాగుతావా?"

"అబ్బే, వద్దు, ఇప్పుడే తాగొచ్చా."

"కాచి ఉన్నదే."

"ఎందుకులే, నీకు శ్రమ."

"శ్రమేముంది, లేకపోతే పారబోయాలి."

"సరే అయితే, అరకప్పు."

ఆ తర్వాత తాగేది మూడు కప్పులు. మొదటి 'వద్దు' మర్యాద. రెండో 'వద్దు' అంటే ఆలోచిస్తున్నానని. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు నిజంగానే వద్దు. ఇచ్చేవాడు మూడుసార్లు అడగడం ఎంత ధర్మమో, పుచ్చుకునేవాడు రెండుసార్లు కాదనడం అంత ధర్మం. ఈ లెక్క ఎక్కడా రాసి లేదు. తప్పినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు, గుర్తుపెట్టుకుంటారు. మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేదంటారు. మా కౌంటీలో మాట లేకపోయినా పని జరిగిపోతోంది.

జనవరి 12, శనివారం. ఉదయం పని ముగించుకుని వస్తూ, గ్యాసు డిపో దగ్గర కాసేపు ఆపమంది ఆర్డిస్. స్టవ్ గొట్టానికి వాషరు కావాలంది. వాషరు కోసం డిపోకు వెళ్ళనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. డిపో మేనేజరు గిల్లోరీ అక్టోబరులో లూసియానా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. గదిలో కూడా ఉన్ని టోపీ తియ్యడు. అందరినీ మేడమ్, సార్ అనే పిలుస్తాడు. వాషరు వెతికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆర్డిస్ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

"మీరు వాతావరణ కేంద్రంలో కదా మేడమ్? జీతాలు ఆపారని విన్నాను. ట్యాంకు నింపించి పంపనా? ప్రభుత్వం తెరిచాకే డబ్బివ్వండి. కాయితాలూ సంతకాలూ ఏమీ వద్దు."

నేను గోడ మీది ధరల పట్టిక చదువుతూ నిలబడ్డాను.

"అబ్బే, వద్దండీ" అంది ఆర్డిస్. "మాకు బాగానే జరుగుతోంది. మాకన్నా ఇబ్బందిలో ఉన్నవాళ్ళుంటారు, వాళ్ళకి చూడండి."

"అలాగే మేడమ్. దొడ్డ మనసు మీది."

అని ముందున్న కాగితంలో ఏదో గీత గీసి, వెనకున్న మనిషి వైపు తిరిగాడు.

ఆర్డిస్ కదల్లేదు. వాషరు జేబులో వేసుకుంది. తీసి మళ్ళీ చూసింది. "ఈసారి చలి ముదిరేట్టుంది" అంది, గాలితో అన్నట్టు.

"అది మీరే మాకు చెప్పాలి మేడమ్!" అని గిల్లోరీ నవ్వాడు.

ఆర్డిస్ కారెక్కి బెల్టు పెట్టుకుంది. మలుపు తిరిగాక అంది. "అడగలేదు."

"అడిగాడుగా."

"ఒక్కసారే అడిగాడు."

"పోనీ వెనక్కి తిప్పనా? కావాలని చెప్పేసి వద్దాం."

"వద్దని నోటితో చెప్పి, ఇప్పుడెళ్ళి కావాలంటే ఏమనుకుంటాడు? మొదట అబద్ధమాడాననుకోడూ?"

"లూసియానా మనిషి ఆర్డిస్. వాళ్ళకి మన లెక్క తెలీదు."

"మూడు దాకా లెక్కపెట్టడం లూసియానాలో నేర్పరా?"

నేను ఆమెకు తెలియకుండా గిల్లోరీతో మాట్లాడవచ్చునని చదివేవారికి తోచవచ్చు. కానీ ఒకరి లేమిని ఇంకొకరు నోట పలకడం మా దగ్గర అసలు లేమికన్నా పెద్ద విషయం. నా దగ్గర రెండు చిన్న కరెంటు హీటర్లు ఊరికే ఉన్నాయి. వాటి గురించి సోమవారం కారులో అడిగాను, వద్దంది. మంగళవారం అడిగాను, నీకెందుకు శ్రమ అంది. బుధవారం వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళి అడిగితే, "మోసుకొచ్చావు కాబట్టి సరే" అంది. గ్యాసు నా దగ్గర లేదు. జీతమూ లేదు.

ఆ వారం చివర్లో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. మూడోసారి పిలిచాకే వెళ్ళాను. వంటింట్లో తప్ప మిగతా గదుల తలుపులకు దుప్పట్లు వేలాడుతున్నాయి. ఫర్నేస్ మీట యాభై ఎనిమిది దగ్గర పెట్టి, దాన్నెవరూ ముట్టకుండా పైన టేపు అంటించింది ఆర్డిస్. బల్ల మీద జింక మాంసం, బఠాణీలు వేసి, పైన చిన్న ఆలుగడ్డ ముక్కలు పరిచి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ ఉంది. జింకను నవంబరులో లైల్ కొట్టాడు. ఫ్రీజరులో అది ఉన్నంతకాలం కూరకు కరువు లేదు.

లైల్ రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని కూర్చున్నాడు. ఆమె చేసిన క్షవరం చెవుల పైన మెట్లుమెట్లుగా ఉంది.

"చూశావా మా ఆవిడ రాజ్యం?" అన్నాడు నాతో. "నేను వెళ్ళి ఆ గిల్లోరీని అడుగుతానంటే ఒప్పుకోదు. ట్యాంకు నా పేరు మీదుంది అంటుంది. ట్యాంకు నీ పేరు మీదుంటే చలి ఎవరి పేరు మీదుందమ్మా?"

"నీ పేరు మీద ఇంకో స్వెట్టరుంది. అదీ తొడుక్కో."

"తొడుక్కుంటే ఫోర్కు ఎత్తడానికి చెయ్యి వంగదు."

"వంగకపోతే ఇంకా మంచిది. రేపటికీ మిగుల్తుంది."

పళ్ళెంలో చివరి ముక్క మిగిలింది. ముగ్గురం దాన్ని చూశాం. ఎవరూ తియ్యలేదు.

ఆర్డిస్ దేనికీ ఊరికే భయపడే మనిషి కాదు. లెక్క వేసుకుంది. బయటి ఉష్ణోగ్రత సగటు ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ ఇల్లు ఎంత గ్యాసు తాగుతుందో, ఐదు శీతాకాలాల బిల్లులు, మా కేంద్రం రికార్డులు పక్కపక్కన పెట్టి ముందే తేల్చి ఉంచుకుంది. మా వృత్తిలోవాళ్ళు సొంత ఇంటిని కూడా పరిశీలన కేంద్రంగానే చూస్తారు. రోజూ పనికి బయల్దేరేముందు ట్యాంకు మూత ఎత్తి ముల్లు చూసేది. కారెక్కగానే నేను అడిగేవాణ్ణి కాదు, ఆమే చెప్పేది. ఇరవై మూడు. ఇరవై ఒకటి. పంతొమ్మిది.

జనవరి 25, శుక్రవారం సాయంత్రం ప్రభుత్వం తెరుచుకుంది. ఆపిన జీతాలన్నీ వచ్చే శుక్రవారానికి, అంటే ఫిబ్రవరి 1కి, ఖాతాల్లో పడతాయని చెప్పారు. ఆ రోజు లైల్ నాకు ఫోను చేశాడు.

"తెరిచారట కదా. ఏం తెరిచారు, తలుపా పర్సా?"

"ముందు తలుపు. పర్సు వచ్చే శుక్రవారం."

"ఆహా. దుకాణం తెరిచి గల్లాపెట్టె తాళం చెవి ఇంట్లో మర్చిపోయారన్నమాట."

ముల్లు అప్పుడు పదమూడు దగ్గర ఉంది. ఆర్డిస్ లెక్క ప్రకారం ఫిబ్రవరి 1 ఉదయానికి ఏడు మిగులుతుంది. ఆ రోజు డబ్బు చేతికొస్తుంది, లారీని పిలుస్తుంది, ఎవరికీ ఏమీ బాకీపడకుండా నెల ముగుస్తుంది. శనివారం ఉదయం కారులో ఆమె అంకె చెప్పినప్పుడు గొంతు కాస్త తేలికపడింది.

కానీ ఉత్తర ధ్రువం మీది చల్లగాలి తన చోటు వదిలి దక్షిణానికి జారుతోందని ఆదివారం నాటికి మాకు స్పష్టమైంది. సాయంత్రం ఆర్డిస్ వదిలిన బెలూన్ పంపిన అంకెలు అంచనాలకన్నా ఇంకా చల్లగా వచ్చాయి. సోమవారం మధ్యాహ్నం హెచ్చరిక రాయవలసిన వంతు నాది. మంగళవారం నుంచి గురువారం దాకా, గాలి కోత లెక్కలోకి తీసుకుంటే సున్నాకు యాభై అయిదు, అరవై డిగ్రీలు తక్కువ. బయట వదిలిన చర్మం ఐదు నిమిషాల్లో గడ్డకడుతుంది. ఆ హెచ్చరిక వెలువడితే బడులు మూస్తారు. బడులు మూస్తే బస్సులు తిరగవు. బస్సు తిరగని రోజుకు డ్రైవరుకు కూలి లేదు. అప్పటికి ఆ ఇంట్లోకి వచ్చే డబ్బు అదొక్కటే.

ఆర్డిస్ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. నేను రాసినదాన్ని ఒకసారి చదివిచూడమన్నాను. మా దగ్గర ఇద్దరు చదివాకే పంపుతాం.

"ఐదు నిమిషాలా? పది కాదూ?"

"ఐదే."

"సరే. పంపు."

"లైల్‌కి..."

"బస్సు కోసం పిల్లలు రోడ్డు పక్కన నిలబడాలి" అంది. "పంపు."

పంపాను. పావుగంటలో లైల్ నుంచి కేంద్రానికే ఫోను వచ్చింది.

"ఎవరది, హెచ్చరిక రాసింది?"

"నేనే."

"బాగా రాశావు. చదువుతుంటేనే వణుకొచ్చింది. ఆవిడ జీతం పైవాళ్ళు ఆపారు, నాది మీ ఇద్దరూ ఆపారు. ఇంకా ఈ ఇంట్లో పిల్లి ఒక్కటే మిగిలింది, దాని సంగతి కూడా చూడండి."

ఆర్డిస్ ఫోను నా చేతిలోంచి తీసుకుని, "నీళ్ళ పంపుకి కట్టిన పాత దుప్పటి ఊడింది, వెళ్ళి కట్టు" అని పెట్టేసింది. ఆ తర్వాత తన లెక్క మళ్ళీ వేసుకుంది. కొత్త ఉష్ణోగ్రతలతో శుక్రవారానికి మిగిలేది నాలుగు.

"నాలుగంటే సున్నా కాదు కదా" అంది.

ఆ లెక్కలో ఎక్కడా కూడిక తప్పు లేదు.

జనవరి 30, బుధవారం. ఉదయం ఐదు గంటల బెలూన్ ఇద్దరం కలిసి వదిలాం. రబ్బరు ఆ చలికి పెళుసెక్కుతుంది, ఒక్కరు పట్టుకుంటే చాలదు. కేంద్రంలో కనిష్ఠం సున్నాకు ముప్పై ఏడు తక్కువగా నమోదైంది. ఎనిమిదిన్నరకు పని దిగి, ఆమెను ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళాను. లైల్ వంటింటి తలుపు తీసి నిలబడి ఉన్నాడు. తల మీద వేట టోపీ, చెవులు కప్పి ఉన్నాయి.

"ఫర్నేస్ దగ్గుతోంది" అన్నాడు.

ముగ్గురం నేలమాళిగలోకి దిగాం. మంట నీలంగా, చిటికెన వేలంత లేచి, ఊగి, ఆరిపోయింది. యంత్రం టిక్కుటిక్కుమని మళ్ళీ అంటుకుంది. మళ్ళీ ఆరింది. గోడ మీది థర్మామీటరు నలభై తొమ్మిది చూపుతోంది. ఆర్డిస్ పైకెక్కి, పెరట్లోకి వెళ్ళి, ట్యాంకు మూత ఎత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. ముల్లు ఎనిమిది దగ్గర ఉంది. లెక్క ప్రకారం ఎంత ఉండాలో అంతే ఉంది.

"ఉంది" అంది. "ఎనిమిది ఉంది. నలభై గ్యాలన్లు."

కొంతసేపు ఇద్దరం ట్యాంకును చూస్తూ నిలబడ్డాం. మూతిదగ్గరి ఊపిరి కనురెప్పల మీద గడ్డకడుతోంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తోచిందని నా నమ్మకం. పైకి అన్నది ఆమే.

"ప్రొపేన్ మరిగేది ఎంత దగ్గర?"

"సున్నాకు నలభై నాలుగు తక్కువ."

"ఇవాళ ముప్పై ఏడు."

ట్యాంకులో ఉండేది ద్రవం. అది మరిగి ఆవిరైతేనే గొట్టంలోకి గ్యాసు వస్తుంది. నిండుగా ఉన్న ట్యాంకులో ద్రవం ఇనుపగోడలకు ఎక్కువమేర తగులుతుంది, ఉన్న కాస్త వేడినీ పుచ్చుకుని ఎలాగో మరుగుతుంది. అడుగున చారెడు మిగిలితే, అంత చలిలో అది కదలదు. ఏ ఉష్ణోగ్రతలో ఏ ఆవిరి ఎంత ఒత్తిడి చేస్తుందో రోజూ ఉదయమూ సాయంత్రమూ లెక్కగట్టడమే మా ఉద్యోగం. ఆమె తన ఇంటి గ్యాసును గ్యాలన్లలో లెక్కపెట్టింది, దుంపల బస్తాలు లెక్కపెట్టినట్టు.

"ఉండీ లేనట్టే" అంది ఆర్డిస్, మూత దించుతూ.

వంటింట్లో లైల్ పెద్ద కెటిల్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ట్యాంకు మీద వేడినీళ్ళు పోద్దామా?"

"పోస్తే పోసినచోటే గడ్డకట్టి ఇనుముకి చొక్కా తొడిగినట్టవుతుంది. కాస్త కూస్త వేడి కూడా లోపలికి పోదు. దించు."

"మరేం చేద్దాం? నీ లెక్క వినిపిద్దామా దానికి?"

ఆమె నేనిచ్చిన హీటర్లు రెండూ తెప్పించింది. ఒక హీటరును సింకు కింద గొట్టాల దగ్గర, ఇంకొకటి స్నానాల గదిలో పెట్టించింది. వాటితో సాయంత్రం దాకా గొట్టాలు ఆగవచ్చు, రాత్రికి ఆగవు. కోటు విప్పకుండానే గోడ ఫోను దగ్గరికి వెళ్ళింది. లైల్‌కు వినికిడి తక్కువ కాబట్టి ఆ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. నేను వెళ్ళిపోతానని లేచాను, లైల్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"గిల్లోరీ గారూ, ఆర్డిస్ హౌగ్‌లాండ్‌ని. తీరికగా ఉన్నారా?"

"ఈ చలిలో తీరికా మేడమ్! ఇద్దరు డ్రైవర్లు రాలేదు. చెప్పండి."

"అబ్బే, అంత అర్జెంటేం కాదు. మీకు ఎప్పుడైనా ఇటువైపు పనిపడితే..."

లైల్ కెటిల్‌ను బల్ల మీద ఠపీమని పెట్టాడు. "ఆర్డిస్!"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆమెను అలా చూడటం నాకు అదే మొదలు. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా, కేంద్రంలో రేడియోలో అంకెలు చదివినట్టు చెప్పింది.

"కాదు. అర్జెంటే. మా ఫర్నేస్ ఆరిపోతోంది. నాకు గ్యాసు కావాలి. ఇవాళే కావాలి. డబ్బు శుక్రవారం దాకా లేదు."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆవేళ నేనడిగాను కదా మేడమ్, మీరు వద్దన్నారు."

"ఒక్కసారే అడిగారు."

"మరి ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు."

"మూడా!"

"ఎవరినైనా మూడే."

"మా అమ్మ నాకు నేర్పింది వేరు మేడమ్. వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే, నీకు లేదులే నాకు తెలుసులే అని మొహం మీద అన్నట్టట. వద్దన్నారని మీ పేరు ఆవేళే కొట్టేశాను. అయ్య బాబోయ్, అక్టోబరు నుంచి ఈ ఊళ్ళో ఎన్ని పేర్లు కొట్టేశానో!" కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "మీ రోడ్డు చివర టోర్వాల్డ్ అని పెద్దాయనున్నాడు. ఆయన్నడిగితే 'ఇబ్బందేం లేదు, చూద్దాంలే' అన్నాడు. దానికర్థమేంటి?"

"కావాలని."

"కావాలనా!"

"చూద్దాంలే అన్నాడంటే బాగా కావాలని. ఆయనకి ముందు వేసి రండి. ఒక్కడే ఉంటాడు. మేం ఆగగలం."

"మేడమ్, మళ్ళీ మొదలుపెట్టారు."

లైల్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని నవ్వాపుకున్నాడు. ఆర్డిస్ నవ్వలేదు, కానీ మొహం వేడెక్కి ఎర్రబడింది.

"దారి ఒకటే" అన్నాడు గిల్లోరీ. "మీది ముందొస్తుంది, ఆయనది తర్వాత. ఇద్దరికీ వేస్తాను. ఇప్పుడు మీరు 'సరే' అనాలి. ఒక్కసారి అంటే చాలు."

"సరే" అంది ఆర్డిస్.

పదకొండు దాటాక లారీ వచ్చింది. నడిపింది గిల్లోరీయే. ఒకదాని మీద ఒకటి మూడు టోపీలు పెట్టుకున్నాడు. లారీ గొట్టం బిగుసుకుపోయి కర్రలా వంగనంటే, లైల్ వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని పెరటి మంచులో ఈడ్చుకుంటూ ట్యాంకు దాకా తెచ్చారు. నింపుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటూనే ఉన్నారు. లూసియానాలో ఇంత చలి పడితే జనం చర్చికి పరుగెత్తుతారని గిల్లోరీ అన్నాడు. ఇక్కడ చర్చి కూడా మూసేశారని లైల్ అన్నాడు. గిల్లోరీ బిల్లు మీద తేదీ దగ్గర 'శుక్రవారం' అని రాసి, ఆర్డిస్ చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడిచి, "శుక్రవారం మధ్యాహ్నం నేనే తెచ్చిస్తాను" అంది. "తొందరేం లేదు మేడమ్" అన్నాడతను. "ఉంది" అంది ఆమె.

లారీ టోర్వాల్డ్ ఇంటివైపు వెళ్ళింది. లైల్ నేలమాళిగలోకి దిగి, గొట్టంలో గాలి వదిలించి, ఫర్నేస్ వెలిగించాడు. ఈసారి మంట పొయ్యి నిండా పరుచుకుని నిలబడింది. పెరటి తలుపు తెరిచే ఉంది. ఆర్డిస్ ట్యాంకు మూత ఎత్తి, చేతితొడుగుతో గాజు మీది మంచు తుడిచి, వంగి ముల్లు చూసి, లోపలున్న మా ఇద్దరికీ వినపడేలా చదివింది.

అరవై నాలుగు.